ఇంగ్లీషులో ‘రీడ్ ద రయట్ యాక్ట్’ అంటే ఏమిటి?

‘అవర్ మేనేజర్ రెడ్ అస్ ద రయట్ యాక్ట్’ అన్న వాక్యం చూసి, మేనేజర్ ఏ చట్టం చదివారని ఒకరు అడిగారు. ఏదీ చదవలేదు. గట్టిగా క్లాసు పీకారు, ఇంకోసారి ఇలా జరిగితే ఊరుకునేది లేదని తేల్చి చెప్పారు.

ఒకప్పుడు మాత్రం నిజంగానే చదివేవారు. బ్రిటన్‌లో రయట్ యాక్ట్, అంటే అల్లర్ల చట్టం, 1715 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. 12 మంది, లేదా అంతకు మించి గుమిగూడి గొడవ చేస్తుంటే మేజిస్ట్రేటు వచ్చి, వెళ్లిపొమ్మని రాజు పేరిట ఒక ప్రకటన బిగ్గరగా చదవాలి. గంటలోగా చెదిరిపోనివాళ్లకు మరణశిక్ష దాకా పడేది. అంత గోలలో ఆ చదివింది ఎవరికి వినబడుతుంది? 1819లో మాంచెస్టర్‌లో సభకొచ్చిన జనం మీదికి గుర్రపు దళాన్ని తోలిన పీటర్లూ ఘటనలో, అసలు చదివారా లేదా అన్నదే పెద్ద తగవైంది.

ఆ ప్రకటన శిక్షకు ముందు హెచ్చరిక కాబట్టే ఈ మాటలో తిట్టు కంటే హెచ్చరిక పాలు ఎక్కువ. రాత్రి రెండింటి దాకా ఫోన్ వదలని పిల్లలకు తల్లి, వరసగా ఓడుతున్న జట్టుకు కోచ్ ఇచ్చే ఆఖరి హెచ్చరికకు ఇది చక్కగా సరిపోతుంది. మామూలు చీవాట్లకు ‘స్కోల్డ్’ చాలు. సాధారణంగా పైవాళ్లు కిందివాళ్లను అన్నప్పుడే వాడతారు. పాస్ట్ టెన్స్‌లో ‘రీడ్’ స్పెల్లింగ్ మారదు, పలకడం మాత్రం ‘రెడ్’. మధ్యలో ‘ద’ వదిలేయకండి.