కాటా ప్రోగ్రాంకి 140 హెచ్చరికలు

ప్రశ్న: మాస్టారూ, మాది కాశీనగరం. నాన్నగారిది జీడిపిక్కలు కొని పలాస పంపే వ్యాపారం. కాటా నుంచి బరువు చదివి ఖాతా ఫైల్లో రాసే ప్రోగ్రాం నేనే సీలో రాశాను. రెండు సీజన్లుగా నడుస్తోంది. కొనుగోళ్లు జోరుగా ఉన్న రోజుల్లో మాత్రం ఒక్కోసారి సాయంత్రానికి చటుక్కున ఆగిపోతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే బాగానే ఉంటుంది. మొన్న ఒక స్నేహితుడు సీపీపీచెక్ అనే టూల్ పెట్టించాడు, ప్రోగ్రాం నడపకుండానే కోడు చదివి తప్పులు వెతికేది. అది 140 వార్నింగులు చూపించింది. నడుస్తున్న ప్రోగ్రాంలో ఇన్ని తప్పులుంటాయా? ఈ టూల్‌ని నమ్మాలా, తీసేయాలా? కోడూ రిపోర్టూ జతచేశాను.
– ఒక పాఠకుడు, కాశీనగరం, గజపతి జిల్లా

జవాబు: తీసేయకు బాబూ. నీ ప్రోగ్రాం సాయంత్రం ఎందుకు ఆగిపోతోందో ఆ రిపోర్టులోనే ఉందని నా నమ్మకం. 140 అన్న అంకె చూసి బెదిరిపోయి, దాన్ని గమనించలేదు నువ్వు.

ముందు ఆ అంకె సంగతి. నువ్వు --ఎనేబుల్=ఆల్ అని ఇచ్చావు. అలా ఇస్తే ఆ టూల్ తనకు తోచినవన్నీ చెబుతుంది. ఈ వేరియబుల్‌ని ఇంకా లోపలి బ్లాకులో పెట్టుకోవచ్చు, ఈ ఫంక్షన్‌ని ఎవరూ పిలవడం లేదు, ఈ హెడర్ ఫైల్ నాకు కనబడలేదు, ఇలాంటివి. వాటి పక్కన స్టైల్ అనో ఇన్ఫర్మేషన్ అనో ఉంటుంది. అవి తప్పులు కావు. తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చు. మొదట ఎర్రర్ అన్నవి, ఆ తర్వాత వార్నింగ్ అన్నవి చదవాలి. నీ రిపోర్టు మొత్తంలో ఎర్రర్ ఒక్కటే. వార్నింగులు నాలుగు. ఆ ఎర్రరూ, నాలుగింటిలో ఒక వార్నింగూ ఒకే ఫంక్షన్లో పడ్డాయి.

అది తూకం రాసే ఫంక్షన్. అందులో నువ్వు మొట్టమొదట ఎఫ్ఓపెన్‌తో ఖాతా ఫైల్ తెరుస్తున్నావు. ఆ తర్వాత కాటా పంపిన బరువు చూస్తున్నావు. బరువు సున్నా అయినా, అంతకన్నా తక్కువైనా అక్కడికక్కడే రిటర్న్. లేకపోతే ఎఫ్‌ప్రింట్ఎఫ్‌తో ఒక లైను రాసి, ఫైల్ అసలు తెరుచుకుందా లేదా అని అప్పుడు చూసి, ఎఫ్‌క్లోజ్‌తో మూస్తున్నావు. టూల్ ఆ మధ్యలో ఉన్న రిటర్న్ లైను నంబరు ఇచ్చి ‘రిసోర్స్ లీక్’ అంది. ఆ దారిన బయటికి పోయిన ప్రతిసారీ ఫైల్ తెరిచే ఉండిపోతోంది.

ఇప్పుడు నీ కొట్టులో జరిగేది తలుచుకో. బస్తా దించగానే కాటా ఖాళీ అవుతుంది. ఖాళీ కాటా సున్నా పంపుతుంది. సున్నా వచ్చిన ప్రతిసారీ ఒక ఫైల్ తెరుచుకుంటోంది, మూసుకోవడం లేదు. లినక్స్‌లో ఒక ప్రోగ్రాం ఒకేసారి తెరిచి ఉంచగల ఫైళ్లకు మామూలుగా ఉండే పరిమితి 1024. ఇన్‌పుట్, ఔట్‌పుట్, ఎర్రర్ అనే మూడూ పుట్టుకతోనే తెరిచి ఉంటాయి. కాటా తగిలించిన పోర్టు ఇంకొకటి. ఇక మిగిలేవి 1020. బస్తాకీ బస్తాకీ మధ్య కాటా రెండు మూడు సున్నాలు పంపినా, గట్టి బేరమున్న రోజు సాయంత్రానికి అవి అయిపోతాయి. అప్పుడు ఎఫ్ఓపెన్ ఫైల్ ఇవ్వలేక నల్ ఇస్తుంది, అంటే ‘ఏమీ లేదు’ అనే గుర్తు. తర్వాతి బస్తా బరువు రాగానే ఎఫ్‌ప్రింట్ఎఫ్ ఆ నల్ మీద రాయబోయి ప్రోగ్రాం కూలిపోతుంది. స్టార్ట్ చేసిన మరుక్షణం బాగైపోవడానికీ కారణం ఇదే. ప్రోగ్రాం చచ్చిపోగానే అది తెరిచినవన్నీ ఆపరేటింగ్ సిస్టమే మూసేస్తుంది. సరుకు తక్కువ వచ్చే రోజుల్లో ఎన్ని నెలలైనా బయటపడదు.

నా మాట నమ్మక్కరలేదు. ప్రోగ్రాం నడుస్తుండగా మధ్యాహ్నం ఒకసారి తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌కి దాని ప్రాసెస్ నంబరు ఇచ్చి చూడు. నీ ఖాతా ఫైల్ పేరు వందలసార్లు కనిపిస్తే అనుమానం తీరినట్టే.

అదే ఫంక్షన్‌లో ఉన్న వార్నింగు, నల్ అవునా కాదా అని చూసే షరతు అనవసరమైనా అయ్యుండాలి, లేదా నల్‌నే వాడేస్తూ ఉండాలి అంటోంది. పరీక్ష, పని అయిపోయాక పెట్టావు కదా, అందుకు. ఈ తరహా తప్పు పెద్దవాళ్లూ చేశారు. 2009లో లినక్స్ కెర్నెల్‌లోని టన్ అనే నెట్‌వర్క్ డ్రైవర్లో సరిగ్గా ఇదే వరస: పాయింటర్‌ని (మెమరీలో ఒక చోటుని చూపే విలువని) ముందు వాడేశారు, తర్వాతి లైన్లలో నల్ అవునా అని అడిగారు. ముందే వాడారు గనక అది నల్ అయ్యే వీల్లేదని జీసీసీ కంపైలర్ లెక్క వేసుకుని ఆ పరీక్షను పూర్తిగా ఎత్తేసింది. దాడి చేసేవాళ్లకు అదొక దారి అయింది. సోర్సులో పరీక్ష కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది, తయారైన ప్రోగ్రాంలో ఉండదు. అందుకే ఈ వార్నింగుని నేను ఎప్పుడూ చిన్నచూపు చూడను.

దిద్దేటప్పుడు రిటర్న్ ముందు ఎఫ్‌క్లోజ్ ఒకటి అతికించి ఊరుకోకు. దానివల్ల టూల్ నోరు మూస్తుంది గానీ, సున్నా బరువుకి ఖాతా ఫైల్ తెరవడమెందుకు అన్న ప్రశ్న అలాగే ఉంటుంది. బరువు పరీక్షను పైకి తీసుకురా. సరైన బరువు వచ్చాకే ఫైల్ తెరువు. వెంటనే నల్ చూడు. ఆ తర్వాత రాయి. ఎఫ్‌క్లోజ్ ఇచ్చే విలువ కూడా చూడు. రాసినది బఫర్‌లో ఆగి, డిస్కు నిండిపోయిన సంగతి మూసేటప్పుడే తెలియవచ్చు. మీ నాన్నగారి ఖాతాలో ఒక్క తూకం జారిపోయినా రైతుకో ఆయనకో నష్టమే కదా.

మిగతా మూడు వార్నింగులూ ఒక్కొక్కటిగా, రోజుకొకటి చొప్పున చూసినా చాలు. ప్రతి మార్పు తర్వాత ప్రోగ్రాం నడిపి చూసుకో. స్టైల్ మెసేజీల జోలికి మాత్రం సీజన్ అయ్యేదాకా వెళ్లకు. పనిచేస్తున్న కోడులో అందం కోసం చేసే మార్పు కూడా మార్పే.

ఫలానా హెచ్చరిక నిజంగా పొరపాటుదే అని తేలితే దాన్ని ఆపే వీలుంది. ఆ లైను మీద సీపీపీచెక్-సప్రెస్ అని కామెంట్ రాసి, టూల్‌కి --ఇన్‌లైన్-సప్ర్ ఇవ్వాలి. ఎందుకు ఆపావో పక్కనే ఒక వాక్యం రాయి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ హెచ్చరిక నీకు ఇంకా అర్థం కాలేదన్నమాట. అర్థం కాకుండా నోరు నొక్కితే ఏమవుతుందో లినక్స్ కూర్పుల్లో ఒకటైన డెబియన్ వాళ్ల అనుభవం చెబుతుంది. 2006లో, నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా పంపడానికి వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ కోడు మీద వాల్‌గ్రైండ్ అనే టూల్, విలువ పెట్టని మెమరీ వాడుతున్నారని అంది. ఇది ప్రోగ్రాం నడుస్తుండగా చూసే టూల్, అయినా సంగతి ఒకటే. ఆ గొడవ పోవడానికి రెండు లైన్లు తీసేశారు. అందులో ఒకటి రహస్య తాళాలు తయారుచేసే యాదృచ్ఛిక సంఖ్యలకు ముడిసరుకంతా అందించే లైను. అది పోయాక మిగిలింది ప్రాసెస్ నంబరు ఒక్కటే. దానికి ఉండగలిగినవి 32,768 విలువలు. అన్నీ వరసపెట్టి ప్రయత్నించి చూడగలిగినన్ని. 2008 మే నెలలో బయటపడేదాకా ఆ తాళాలతోనే సర్వర్లు నడిచాయి.

ప్రశ్న: నమస్కారం సార్. నేను రాయగడలో డిప్లొమా చదువుతున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ల్యాబులో జీసీసీకి, కోడులో తప్పులు వెతికే -ఎఫ్ఎనలైజర్ ఇస్తే ఆ ఆప్షన్ తనకు తెలియదంటోంది. కంపైల్ అయితే చాలు, ఈ టూల్సన్నీ ఎందుకని స్నేహితురాళ్లు అంటున్నారు. ఆ మెసేజీల ఇంగ్లీషు కూడా నాకు కష్టంగా ఉంది.
– ఒక విద్యార్థిని, రాయగడ

జవాబు: ఆ ఆప్షన్ జీసీసీ 10తో, 2020లో వచ్చిందమ్మా. మీ ల్యాబులో ఉబుంటు 20.04 ఉండి ఉంటుంది, దానితో వచ్చేది జీసీసీ 9. జీసీసీ-10 ప్యాకేజీ విడిగా దొరుకుతుంది, ల్యాబ్ సార్‌ని అడిగి పెట్టించుకో. ఉబుంటు 22.04 అయితే 11 దానితోనే వస్తుంది. అప్పటిదాకా హెచ్చరికలు ఎక్కువగా చూపించే -డబ్ల్యూఆల్, -డబ్ల్యూఎక్స్‌ట్రా రెండూ ఇవ్వు. వాటితో పాటు -ఓ2 కూడా ఇవ్వు, అది కోడుని వేగంగా నడిచేలా మలిచే ఆప్టిమైజేషన్. విలువ పెట్టకుండా వేరియబుల్ వాడుతున్నావేమో అన్న అనుమానాలు కొన్ని ఆప్టిమైజేషన్ ఉంటేనే జీసీసీ బయటపెడుతుంది.

కంపైల్ అయితే చాలదని 1978లోనే బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ లింట్ అనే ప్రోగ్రాం రాశారు. సీ భాష పుట్టినచోటే, సీ రాసేవాళ్ల కోసమే. మీ స్నేహితురాళ్లకు ఆ మాట చెప్పు.

ఎనలైజర్ మెసేజీ పొడుగు చూసి భయపడకు. అది ఒక దారిని అంకెలు వేసి చెబుతుంది. ఒకటి, ఇక్కడ మాలాక్‌తో మెమరీ తీసుకున్నావు. రెండు, ఈ ఇఫ్ నిజమైంది అనుకుందాం. మూడు, ఇక్కడ ఫ్రీ చేశావు. నాలుగు, ఇక్కడ మళ్లీ ఫ్రీ చేశావు. కాగితం మీద ఆ అంకెలను నీ కోడు లైన్ల పక్కన వేసుకుంటూ పో. ‘ఈ ఇఫ్ నిజమైతే’ అన్నచోట ఆగి, అది నిజమయ్యే ఇన్‌పుట్ ఏమిటో ఆలోచించు. అలాంటి ఇన్‌పుట్ దొరికితే తప్పు దొరికినట్టే.

ఇంగ్లీషు గురించి దిగులు వద్దు. మెసేజీలు లెక్కకు ఎన్ని ఉన్నా మళ్లీ మళ్లీ ఎదురయ్యేవి కొన్నే. సీపీపీచెక్‌కి --ఎర్రర్‌లిస్ట్ అని ఇస్తే అది చెప్పగలిగిన మెసేజీలన్నీ ఒకేచోట రాసిస్తుంది. అందులో ఎర్రర్ అని ఉన్నవాటితో మొదలుపెట్టి, ఒక్కొక్కదానికీ ఆ తప్పున్న అయిదారు లైన్ల ప్రోగ్రాం నువ్వే కావాలని రాసి, టూల్‌కి చూపించు. అర్థం తెలుగులోనో ఒడియాలోనో, నీకు చేతికి ఏది వస్తే అందులో నోట్సు పెట్టుకో. ఇలా చేసిన పిల్లలు కంపైలర్ తిట్లకు జడవరు, నేను మా పర్లాకిమిడి క్లాసులో చూస్తున్నాను.

ప్రశ్న: మేము పంపుసెట్ల కంట్రోలర్లు తయారుచేస్తాం. సింగిల్ ఫేజ్, త్రీ ఫేజ్ మోడళ్లకు ఒకే సీ కోడు, ఏ మోడల్‌కి ఏ భాగం కంపైల్ కావాలో చెప్పే ఇఫ్‌డెఫ్‌లతో విడదీశాం. చిప్పు 8 బిట్ల ఏవీఆర్. సీపీపీచెక్ రిపోర్టు ఇప్పుడు ఖాళీగా వస్తోంది. తప్పుల్లేవని కొనేవాళ్లకు రాసివ్వొచ్చా?
– ఒక ఇంజినీరు, బరంపురం

జవాబు: అలా రాసివ్వకండి. ఫలానా టూలు, ఫలానా వెర్షను, ఫలానా సెట్టింగులతో చూశాం, తేల్చని హెచ్చరిక ఏదీ మిగల్లేదు అని రాయండి. అది నిజం. హార్ట్‌బ్లీడ్ లోపం 2012 నుంచి 2014 ఏప్రిల్ దాకా ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో కూర్చుంది. అవతలివాళ్లు పంపిన పొడవును పరీక్షించకుండా నమ్మి, ఒక్కో అడుగుకీ 64 కిలోబైట్ల దాకా మెమరీ బయటికి ఇచ్చేసింది. అప్పటి ఎనలైజర్లు దాన్ని పట్టుకోలేదు. తప్పే లేదని రుజువు చేసే టూల్సూ ఉన్నాయి. ఆస్ట్రే అనేది 2003లో ఎయిర్‌బస్ ఎ340 నియంత్రణ సాఫ్ట్‌వేర్‌కి నడిచేటప్పటి ఎర్రర్లు రావని నిరూపించింది. సీపీపీచెక్ ఆ కోవది కాదు. బావిలో నీళ్లు అడుగంటితే మోటారు ఆపాల్సిన షరతును మీరు తిరగేసి రాసినా అది ఏమీ అనదు. ఆ పరీక్ష నీళ్లూ మోటారూ పెట్టి మీరే చేయాలి.

మీ ఖాళీ రిపోర్టు మీద నాకు రెండు అనుమానాలున్నాయి. ఇఫ్‌డెఫ్‌లు ఎక్కువుంటే సీపీపీచెక్ మామూలుగా ఒక్కో ఫైల్‌కి 12 కలయికలే చూసి ఆగిపోతుంది. -డి తో ఒక మోడల్ పేరిస్తే ఆ ఒక్కటే చూస్తుంది. కాబట్టి మోడల్‌కొకసారి విడివిడిగా నడపండి. రెండోది, --ప్లాట్‌ఫాం=ఏవీఆర్8 అని ఇచ్చారా? ఇవ్వకపోతే ఇంట్ అంటే పీసీలో లాగా 32 బిట్లనుకుంటుంది. మీ చిప్పులో అది 16 బిట్లు, 32,767 దాటదు. నిమిషాన్ని మిల్లీసెకన్లలోకి మార్చే 60 × 1000 అక్కడే పొంగిపోతుంది. ఈ రెండూ సరిచేసి మళ్లీ నడిపి, వచ్చిన రిపోర్టు పంపండి. వచ్చే సంచికలో చూద్దాం.