అందరికీ నెలనెలా డబ్బు ఇవ్వాలంటే ప్రభుత్వం ఎక్కడి నుంచి తేవాలి?

కొండల్లోంచి, భూమిలోంచి, ఆ తర్వాత పెద్ద ఆస్తుల మీద పన్నుల్లోంచి. నా జవాబు ఇదే.

మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర పల్లె. ఇక్కడి నీలి గ్రానైట్ విదేశాలకు పోతుంది. విజయనగరం వైపు గరివిడి, చీపురుపల్లిల్లో మాంగనీస్ ఉంది. తవ్వినవాడు తవ్వుకున్నదానికి రుసుముగా ప్రభుత్వానికి సీనరేజీయో రాయల్టీయో కడతాడు, అది రోజువారీ ఖర్చుల్లో కలిసిపోతుంది. ఒకసారి తవ్విన కొండ మళ్లీ మొలవదు కదా! అమెరికాలో అలాస్కా రాష్ట్రం 1976లోనే చమురు ఆదాయంలో ఒక వాటాను శాశ్వత నిధిగా దాచడం మొదలుపెట్టింది. 1982 నుంచి దాని రాబడిలో భాగాన్ని ఏటా జనానికి పంచుతోంది. పేదా గొప్పా తేడా లేదు. మనకూ 2015 చట్టంతో జిల్లా ఖనిజ ఫౌండేషన్లు (గనులవాళ్లు కట్టే డబ్బుతో గనుల ప్రాంతాల కోసం నడిచే నిధులు) వచ్చాయి కానీ ఆ డబ్బు పనులకు పోతుంది, మనిషి చేతికి రాదు.

పేదలకు మాత్రమే ఇస్తే చాలదా అంటారు. మా పెద్దమ్మ సంగతి వినండి. ఆవిడకు వితంతు పెన్షన్ వచ్చేది. ఒక నెల ఉన్నట్టుండి ఆగిపోయింది. కారణం, ఇంటి కరెంటు వాడకం నెలకు మూడు వందల యూనిట్లు దాటిందట. ఇద్దరు కొడుకులవీ వేరు కాపురాలే, ఇంటికి మీటరు మాత్రం ఒకటే. చిన్నకోడలి పిండిమర, పెద్దవాడి ఫ్రిజ్, అన్నీ దానిమీదే నడుస్తాయి. ఆవిడ గదిలో ఒక బల్బు, కిర్రుమనే ఫ్యాను. బిల్లుల కట్ట పట్టుకుని ఆఫీసుకి వెళ్లి "నానేటి కాల్చినాను బాబూ, మీటరు మా ఆయన పేరునుంది" అని మొత్తుకుంటే, అక్కడి కుర్రాడు కంప్యూటర్ మీంచి తలెత్తకుండా "సిస్టమ్‌లో అలా చూపిస్తోందమ్మా" అన్నాడు. డబ్బు రాని రోజుల్లో ఆవిడ బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంది. వేరే మీటరు పెట్టించాకే పెన్షన్ మళ్లీ మొదలైంది.

అందుకే వడపోత వద్దంటాను. అందరికీ ఇవ్వండి, ఉన్నవాడి దగ్గర పన్ను రూపంలో వెనక్కి లాగండి. అప్పుడు అసలు ఖర్చు పైకి కనిపించేదానికన్నా తక్కువే.

అయినా పెద్ద మొత్తమే, కాదనను. 140 కోట్ల మందికి నెలకు వెయ్యి అంటే ఏడాదికి 16.8 లక్షల కోట్లు, కేంద్ర బడ్జెట్‌లో దాదాపు మూడో వంతు. గనులొక్కటే మోయలేవు. వారసత్వ ఆస్తి మీద పన్ను 1985లో ఎత్తేశారు, సంపద పన్ను 2015 బడ్జెట్‌లో తీసేశారు. ఆ రెండూ తిరిగి రావాలి. 2019లో కంపెనీల పన్ను తగ్గించినప్పుడు ఏడాదికి 1.45 లక్షల కోట్లు పోతుందని ప్రభుత్వమే చెప్పింది. అప్పుడు ఎవరూ "ఉచితాలు" అనలేదు! ముసలావిడకు నెలకు నాలుగు వేల పెన్షన్ ఇస్తే మాత్రం వాట్సాప్‌లో జనం సోమరులైపోతున్నారని గోల. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

నోట్లు అచ్చేసి పంచడం మాత్రం వద్దు, ధరలు పెరిగి ఇచ్చిన డబ్బుకు విలువ ఉండదు. నోట్లు అచ్చేయకపోయినా ధరల సంగతి మరిస్తే అంతే. ఇరాన్ 2010లో ఇంధన సబ్సిడీలు కోసి అందరి ఖాతాల్లో నగదు వేసింది. ఆలోచన మంచిదే, కానీ మొత్తాన్ని ధరలతో పాటు పెంచలేదు, కొన్నేళ్లకే దాని విలువ కరిగిపోయింది. మనం మొదలుపెడితే ఏటా ధరలను బట్టి మొత్తం పెరగాలని చట్టంలోనే రాయాలి. ముందు ఖనిజ నిధితో, తలకు ఏడాదికి ఐదు వందలతోనైనా సరే, మా జిల్లాలోనే మొదలుపెట్టమనండి.