సి షిఫ్టు వాడి కోసం రాయమ్మా

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నీకు ఆన్‌సైట్ ఎమర్జెన్సీ ప్లాన్, అంటే ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే ఎవరేం చెయ్యాలో చెప్పే ప్లాను, రాసే పని అప్పగించారనీ, నెల గడువిచ్చారనీ, అప్పట్నుంచి నువ్వు సరిగ్గా నిద్రపోవడం లేదనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఈ ఉద్యోగంలో నిద్ర చెడటం మామూలే. కానీ కాగితం కోసం చెడగొట్టుకోకు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను.

పాత ప్లానే తేదీ మార్చి పంపెయ్యమని మీ మేనేజరు అన్నాడట కదా. పంపేముందు దాన్నొకసారి చివరిదాకా చదువు. నేను చేరిన రెండో ఫ్యాక్టరీలో అలాంటిదే ఒకటి బీరువాలోంచి తీసి చదివాను. 180 పేజీలు, బంగారు అక్షరాల అట్ట. మధ్యలో ఒకచోట గ్యాస్ లీకైతే నర్మదా నది వైపు వ్యాపించవచ్చని ఉంది. మా ఫ్యాక్టరీ ఉన్నదేమో అనకాపల్లి దగ్గర! కన్సల్టెంటు గుజరాత్ పార్టీకి రాసిందే మాకూ అంటగట్టాడు. దాని మీద ఏటా సంతకాలు పడుతూనే ఉన్నాయి. చదివినవాడు ఒక్కడూ లేడు.

ముందు రూల్స్ సంగతి. అన్నిటికీ మూలం భోపాల్. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి తర్వాత మిథైల్ ఐసోసైనేట్ ఊరి మీద పడింది. ఊరికి వినిపించే సైరన్ కాసేపు మోగించి ఆపేశారు. ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చిన జనానికి పట్టిన గ్యాస్ ఏమిటో డాక్టర్లకి తెలియదు. ఆ తర్వాతే 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ, 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి రూల్స్ వచ్చాయి. ఆ రూల్స్‌లో 13వది నీది: ఆన్‌సైట్ ప్లాన్ ఫ్యాక్టరీ యజమాని బాధ్యత, ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చెయ్యాలి, దాని రిపోర్టు అధికారులకి అందాలి. 14వది గేటు బయటి ప్లాన్. అది ప్రభుత్వం పని, కానీ దానికి కావలసిన వివరాలు మీరే ఇవ్వాలి. 15వది, ప్రమాదం జరిగితే దెబ్బతినే అవకాశమున్న జనానికి ముందే సమాచారం ఇవ్వాలని. 1996లో మరో రూల్స్ వచ్చి రాష్ట్రం, జిల్లా, లోకల్ స్థాయుల్లో క్రైసిస్ గ్రూపులు పెట్టాయి. జిల్లా గ్రూపుకి కలెక్టరు చైర్మన్. ఇప్పుడు కార్మిక కోడ్‌లు వచ్చాయి కాబట్టి ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ నంబర్లు పాతవే రాసెయ్యకు, ఇన్‌స్పెక్టర్ ఆఫ్ ఫ్యాక్టరీస్ ఆఫీసుకి వెళ్లి కనుక్కో. 1989, 1996 రూల్స్ పర్యావరణ చట్టం కింద పుట్టినవి, వాటి దారి వేరు.

ఇక్కడే మీవాళ్లు ఒక తెలివి చూపిస్తారు. క్లోరిన్‌కి ఆ రూల్స్‌లో హద్దు 10 టన్నులు. టన్నరుకి, అంటే క్లోరిన్ నింపే పెద్ద సిలిండరుకి, 900 కిలోల చొప్పున పదకొండు టన్నర్లు పెట్టుకుంటే 9.9 టన్నులు. "మనం హద్దులోపే ఉన్నాం, ఇవన్నీ మనకి వర్తించవు" అంటారు. లెక్క తప్పు కాదు. కానీ లీకయ్యేది ఎప్పుడైనా ఒకే టన్నరు కదమ్మా, పక్కన ఇంకెన్ని ఉన్నాయో దానికి తెలియదు. పైగా 1987 సవరణ ప్రమాదకర ప్రక్రియ ఉన్న ప్రతి ఫ్యాక్టరీనీ ప్లాన్ రాయమంది, టన్నులు అడగలేదు. ఈ వాదన మీటింగులో గట్టిగా చెయ్యకు. మేనేజరు ఒక్కడే ఉన్నప్పుడు చెప్పు, వింటాడు.

ఇంత చెప్పినా నా అసలు మాట ఇంకా రాలేదు. ప్లాను ఇన్‌స్పెక్టరు కోసం రాయకు. సి షిఫ్టులో, అంటే రాత్రి షిఫ్టులో, తెల్లవారుజామున మూడింటికి కంట్రోల్ రూమ్‌లో ఒంటరిగా కూర్చున్న ఆపరేటరు కోసం రాయి. ఆ సమయానికి జీఎం గాజువాకలో నిద్రపోతుంటాడు, నువ్వు హాస్టల్లో ఉంటావు, స్టోర్సు తాళం స్టోర్ కీపరు జేబులో ఉంటుంది. విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో 2020 మే 7న స్టైరీన్ గ్యాస్ లేచింది ఆ వేళకే. పన్నెండు మంది పోయారు. వెంకటాపురం జనం నిద్రలోంచి లేచి, ఎటు వెళ్లాలో తెలియక పరిగెత్తుతూ దారిలోనే పడిపోయారు. తర్వాత ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చిందేమిటంటే, అలారం మోగించడానికి గేటుతో సహా 36 చోట్లు ఉన్నాయి, ఒక్కటీ మోగలేదు. స్విచ్చులు లేక కాదన్నమాట. అన్ని ప్రమాదాలూ రాత్రే జరుగుతాయని నేననను. అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న పదిహేడు మంది పోయింది పట్టపగలే. కానీ రాత్రికి పనికొచ్చే ప్లాను పగలూ పనికొస్తుంది. పగటి కోసం రాసింది రాత్రికి పనికిరాదు.

కాబట్టి సైరన్‌తో మొదలుపెట్టు. ఎవరు మోగించొచ్చు? మా పాత ప్లానులో "షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ అనుమతితో" అని ఉండేది. నేను కొట్టేయించాను. వాసన తగిలినవాడు ఎవడైనా సరే, కాంట్రాక్టు కుర్రాడైనా సరే, నొక్కొచ్చు. తప్పుడు సైరనైతే? అవ్వనీ. ఒకసారి మాకు వెల్డింగు పొగకి ఎవడో నొక్కేశాడు, ప్రొడక్షన్ నలభై నిమిషాలు ఆగింది. మెమో ఇస్తామన్నారు. నేను అడ్డుపడి, మర్నాడు పని మొదలుపెట్టేముందు చెప్పుకునే టూల్‌బాక్స్ మాటల్లో వాడిని అందరి ముందూ మెచ్చుకున్నాను. అలా చెయ్యకపోతే ఆ తర్వాత ఎవడూ నొక్కడు. ఇంకోటి, ప్రమాదం వేళ అందరినీ నడిపించే ఇన్సిడెంట్ కంట్రోలర్ అని ఒక పేరు రాసి ఊరుకోకు. ఏ షిఫ్టుకి ఎవరు, వాళ్లు సెలవైతే ఎవరు, రియాక్టరు ఆపే నిర్ణయం ఎవరిని అడక్కుండా తీసుకోవచ్చు, ఇవన్నీ ఒకే పేజీలో గోడమీద ఉండాలి. మిగతా 180 పేజీలూ బీరువాలో ఉంటే ఉండనీ.

తర్వాత గాలి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. చాలా ఏళ్ల కిందట, పేరు రాయను, ఒక ఫ్యాక్టరీలో క్లోరిన్ టన్నరు వాల్వు గ్లాండు దగ్గర కారింది. సైరన్ మోగింది, అందరూ చక్కగా అసెంబ్లీ పాయింటుకి వచ్చి వరసగా నిలబడ్డారు. గాలి సరిగ్గా అటే కొడుతోంది. లీకు దగ్గర పనిచేసినవాళ్ల కంటే వరసలో నిలబడ్డవాళ్లే ఎక్కువ దగ్గారు. అందులో నేనూ ఉన్నాను, హాజరు పట్టీ పట్టుకుని! మన తీరంలో పగలు గాలి సముద్రం మీంచి లోపలికి వస్తుంది, రాత్రి నేల మీంచి సముద్రం వైపు తిరుగుతుంది. ఒకే అసెంబ్లీ పాయింటు ఉందంటే రోజులో సగంసేపు అది తప్పు చోట ఉన్నట్టే. కనీసం రెండు పెట్టు, ఎదురెదురు దిక్కుల్లో. గాలి ఎటు కొడుతోందో చూపే విండ్‌సాక్ కింద లైటు ఉందో లేదో చూడు. చాలాచోట్ల ఉండదు, చీకట్లో అది గుడ్డపీలికే. పై అంతస్తుల్లోంచీ, గేటు దగ్గర్నుంచీ కనపడుతోందా అని స్వయంగా రాత్రి వెళ్లి చూడు.

క్లోరిన్ గురించి నీకు పుస్తకం తెలుసు, చేతిపని చెబుతాను. అది గాలి కంటే రెండున్నర రెట్లు బరువు, గుంతల్లో, కాలవల్లో, బేస్‌మెంట్లో కూర్చుంటుంది. అంచేత మనిషి గాలికి అడ్డంగా తప్పుకుని, ఎత్తుకి వెళ్లాలి. టన్నరు పడుకోబెట్టినప్పుడు రెండు వాల్వులూ ఒకదాని మీద ఒకటి నిలువుగా ఉండాలి. పైది గ్యాస్ ఇస్తుంది, కిందది ద్రవం ఇస్తుంది. ద్రవం కారుతుంటే టన్నరుని దొర్లించి, లీకు పైకి వచ్చేలా చెయ్యాలి. ఒక వంతు ద్రవం నాలుగొందల అరవై వంతుల గ్యాస్ అవుతుంది, అందుకే ఈ తంటా. కారే చోట నీళ్లు కొట్టనివ్వకు. ఆమ్లం పుట్టి ఇనుమును తినేసి, సూదిబెజ్జం వేలంత అవుతుంది. కారిన క్లోరిన్‌ని చంపడానికి ఉంచే మీ కాస్టిక్ సోడా పిట్టులో నిజంగా కాస్టిక్ ఎంత ఉందో ల్యాబులో టైట్రేషన్ చేయించు. ఒక టన్నరు క్లోరిన్‌ని పూర్తిగా చంపడానికి లెక్క ప్రకారమే టన్ను పైగా కాస్టిక్ కావాలి, వృథా కూడా కలిపితే ఇంకా ఎక్కువ. నేను చూసిన ఒక పిట్టులో ఉన్నది వాననీరు, రెండు కప్పలు.

గ్యాస్‌లోకి వెళ్లేటప్పుడు ఊపిరి కోసం తొడుక్కునే బ్రీథింగ్ సెట్లు ఎన్ని ఉన్నాయన్నది తర్వాత, ఎక్కడున్నాయో చూడు. టన్నర్ల షెడ్డులోనే పెట్టేవాళ్లున్నారు. లీకైతే అక్కడికి వెళ్లడానికే సెట్టు కావాలి కదా! షెడ్డుకి రెండు వైపులా, బయట, తాళం లేని పెట్టెల్లో ఉండాలి. ఎప్పుడూ ఇద్దరు వెళ్లాలి, వెనక ఇంకో ఇద్దరు తొడుక్కుని సిద్ధంగా ఉండాలి.

మనుషుల లెక్క గురించి ఎంత చెప్పినా తక్కువే. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగాక లోపల ఎవరెవరున్నారో తేలడానికే రోజులు పట్టింది. ఫలానావాడు బతికున్నాడా లేడా అని గేటు దగ్గర కూర్చున్న తల్లికి చెప్పలేకపోవడం కంటే ఘోరం లేదు. మీ జీతాల పట్టీలో ఉన్నవాళ్ల లెక్క కంప్యూటరు చెబుతుంది. ఒడిశా, బీహారు, జార్ఖండ్ నుంచి మేస్త్రీ తెచ్చిన కుర్రాళ్ల లెక్క? సాల్వెంటు ట్యాంకరుతో వచ్చి క్యాబిన్లో నిద్రపోతున్న డ్రైవరు, క్లీనరు? గేటు దగ్గర లోపలికి వెళ్లేటప్పుడు ప్రతి మనిషీ ఒక కార్డు పలకకి తగిలించి వెళ్లాలి, వచ్చేటప్పుడు తీసుకోవాలి. కరెంటు పోయినా పలక మాట్లాడుతుంది. సెక్యూరిటీవాడు బయటికి పరిగెత్తేటప్పుడు ఆ పలక చంకన పెట్టుకుని పరిగెత్తాలి. అలాగే, సైరన్ మోగినప్పుడు వినిపించే మాటలు తెలుగులోనే కాదు, హిందీ, ఒడియాల్లో కూడా రికార్డు చేయించు. ఆ కుర్రాళ్ల చేతే చెప్పించు, సిగ్గుపడుతూనే భలే చెబుతారు.

ఊరి సంగతి మేనేజరుకి నచ్చదు. "చెబితే భయపడతారు, ధర్నా చేస్తారు" అంటాడు. 15వ రూలు చూపించు. ఊళ్లోకి వెళ్లినప్పుడు చార్టులు పట్టుకెళ్లకు. సర్పంచితో, ఆశా కార్యకర్తతో, హెడ్మాస్టరుతో కూర్చుని టీ తాగి మూడే మాటలు చెప్పు: మా సైరన్ ఇలా ఉంటుంది, మోగితే గాలికి అడ్డంగా ఇటు నడవండి, తడిగుడ్డ ముక్కుకి పెట్టుకోండి. సైరన్ ఒకసారి మోగించి వినిపించు కూడా. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకి మీరు వాడే రసాయనాల సేఫ్టీ డేటా షీట్లు, ఏది పీలిస్తే ఏం చెయ్యాలో ఒక్కో పేజీ చొప్పున ఇవ్వు. భోపాల్ డాక్టర్ల చేతిలో లేనిది ఆ ఒక్క పేజీయే.

మాక్ డ్రిల్ గురించి మీ నాన్నకి చెబితే నవ్వాడు. మా దగ్గర డ్రిల్ అంటే వారం ముందే సర్క్యులరు, ఆ రోజు ఉతికిన యూనిఫారాలు, సమోసాలు. సైరన్ మోగకముందే సగం మంది అసెంబ్లీ పాయింటులో ఉండేవారు. ఒకసారైతే "గాయపడ్డవాడు" స్ట్రెచరు మీద పడుకోవడానికి చెప్పులు విప్పి పక్కన జాగ్రత్తగా పెట్టుకున్నాడు. ఏడాదికి చేసే రెండు డ్రిల్లుల్లో ఒకటి అలాంటిదే చెయ్యి, ఫొటోలు కావాలి కదా. రెండోది మాత్రం సి షిఫ్టులో, వానాకాలంలో, షిఫ్టు ఇన్‌ఛార్జిని మధ్యలో "నువ్వు పడిపోయావు" అని పక్కన కూర్చోబెట్టి చెయ్యి. ఆపరేషన్స్ హెడ్‌కీ, ఆపదలో సాయానికి వచ్చే పక్క ఫ్యాక్టరీ మ్యూచువల్ ఎయిడ్ వాళ్లకీ, అగ్నిమాపక కేంద్రానికీ, ఊరి సర్పంచికీ ముందే చెప్పి పెట్టు, లేకపోతే నిజమైన గందరగోళం అవుతుంది. మిగతా ఎవరికీ చెప్పకు. స్టాప్‌వాచీ నువ్వు పట్టుకో: మొదటి వాసన నుంచి సైరన్‌కి ఎంతసేపు, సైరన్ నుంచి తలల లెక్క పూర్తవడానికి ఎంతసేపు. రిపోర్టులో చెడ్డ అంకెలే రాయి. అన్నీ బాగున్నాయని రాసిన డ్రిల్ రిపోర్టు చూస్తే నాకు అనుమానం వస్తుంది, ఇన్‌స్పెక్టరుకీ వస్తుంది.

చిత్తుప్రతి అయ్యాక నాకు పంపకు, ముందు మీ సి షిఫ్టు ఆపరేటరుకి చదివి వినిపించు. అతను ఆపి ప్రశ్న అడిగిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టి, ఆదివారం ఆ కాగితాలు పట్టుకుని ఇంటికి రా. మీ పెద్దమ్మ పనసపొట్టు కూర చేస్తానంది.

ఇట్లు,
మీ పెదనాన్న

తా.క.: విండ్‌సాక్ లైటు జనరేటరు లైన్ మీద ఉందా, మామూలు లైన్ మీదా? అది కూడా చూసి రా.