హుక్కా నీళ్లలో పొగ శుభ్రపడుతుందా? నా అనుభవం చెబుతాను

మీ తమ్ముడు సిగరెట్ మానేసి శనివారాలు హుక్కా తాగుతున్నాడని, నీళ్లలోంచి వచ్చే పొగ కాబట్టి హాని లేదంటున్నాడని, అది నిజమేనా అని అడిగారు. నిజం కాదండీ. నేనూ మూడేళ్లు అదే మాట నమ్మాను.

మాది గుంటూరు. పొగాకు బోర్డు ఉన్న ఊరు, మాకు పొగ కొత్త కాదు. నాన్నగారు చుట్ట కాల్చేవారు, నేను రోజుకి ఎనిమిది సిగరెట్లు. ఉద్యోగానికి విజయవాడ వచ్చాక పటమటలో ఫ్రెండ్ రూమ్‌లో హుక్కా అలవాటైంది. గొంతు మంట లేదు, యాపిల్ వాసన. ఇదే నయం అనుకున్నాను.

ఆ మంట లేకపోవడమే మోసం. నీళ్లు పొగని చల్లబరుస్తాయి తప్ప విషాన్ని తీసేయవు. చల్లగా ఉందని ఇంకా లోతుగా పీలుస్తాం. సిగరెట్ పది దమ్ముల్లో అయిపోతుంది, హుక్కా దగ్గర కూర్చుంటే గంట. ఒక్క సిట్టింగ్‌లో వంద సిగరెట్లంత పొగ పీల్చే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే హెచ్చరించింది. పైగా బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఒకటి. బయటికొచ్చి బైక్ ఎక్కేసరికి నాకు తల పగిలిపోయేది, భోజనం లేటయిందిలే అని సరిపెట్టుకునేవాణ్ణి.

ఒక రాత్రి హుక్కా కడిగే పని నాకు పడింది. సీసాలో నీళ్లు పల్చటి టీ రంగులో ఉన్నాయి. "చూశావా, చెత్తంతా నీళ్లలోనే ఆగిపోయింది" అన్నాడు ఫ్రెండ్. గొట్టం చివర వేలు పెట్టి తిప్పాను. నల్లటి జిగురు అంటింది, సబ్బుతో రెండుసార్లు కడిగినా వాసన పోలేదు. పొగ నీళ్లు దాటాకే కదా ఆ గొట్టంలోకి వచ్చేది! మరి నీళ్లు ఆపిందేమిటి?

ఇంకో మాట. హుక్కా పొగాకులోనూ నికోటిన్ ఉంటుంది. నాకు సిగరెట్లు తగ్గలేదు సరికదా, ఎనిమిది పదకొండయ్యాయి. మీ తమ్ముడు నిజంగా మానేశాడో లేదో వారం మధ్యలో ఒకసారి గమనించండి.

నాతో మాన్పించింది మా అక్క. పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే 1800-112-356 నంబర్‌కి ఫోన్ చేయించింది, ఉచితం, మానడానికి ఎలా సిద్ధపడాలో చెబుతారు. కానీ నన్ను నిలబెట్టింది వేరే. సాయంత్రం ఆరింటికి, సరిగ్గా నేను టీకొట్టుకి వెళ్లే వేళకి, అక్క రోజూ ఫోన్ చేసేది. సిగరెట్ ఊసెత్తేది కాదు, కూర ఏం వండిందో చెప్పేది. పది నిమిషాలు మాట్లాడేసరికి ఆ తపన దిగిపోయేది. మీ తమ్ముడు టీకి బయటికెళ్లే టైమ్ మీకు తెలిసే ఉంటుంది. రేపటి నుంచే ఆ టైమ్‌కి ఫోన్ చేయండి.