పంటికి ఇంతా, మొత్తానికి ఇంతా?

ప్రశ్న: డాక్టరు గారూ, మేము ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటున్నాము. నాకు కింది దవడ పళ్లు రెండు పుచ్చాయి. ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ కింద అయితే 75.30 పౌండ్లు, ప్రైవేటుగా తెల్ల సిమెంటు అయితే పంటికి 140 అన్నారు. ఎందుకింత తేడా?

జవాబు: అమ్మా, ఆ 75.30 పంటికి కాదు, ఒక విడత చికిత్స మొత్తానికి. 2025 ఏప్రిల్‌లో మొదలైన ఏడాదికి అక్కడి రెండో బ్యాండు, అంటే రెండో శ్రేణి చికిత్సల, చార్జీ అది. పరీక్ష, ఎక్స్‌రే, రెండు పళ్లూ నింపడం, అవసరమైతే రూట్ కెనాల్ కూడా అందులోనే. ప్రైవేటులో పన్ను పన్నుకూ లెక్క. నమిలే పళ్లకు ఎన్‌హెచ్‌ఎస్‌లో సాధారణంగా వెండి రంగు మిశ్రమమే పెడతారు. అందం కోసం తెల్లదే కావాలంటే సొంత డబ్బే. నోరు బార్లా తెరిస్తే తప్ప కనిపించని పళ్లకు నేనైతే 280 పెట్టను. మీరు గర్భిణి అయినా, కాన్పై ఏడాది దాటకపోయినా ఆ 75.30 కూడా కట్టక్కరలేదు. మినహాయింపు పత్రం తీసుకోండి.