ఎనిమిది సిద్ధబీజాల దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

న్యూరోస్పోరా బూజులో క్షయకరణ విభజన (క్రోమోజోముల సంఖ్యను సగం చేసే విభజన) వేళ జన్యువుల నోరు ఆర్‌ఎన్‌ఏ ఎలా నొక్కుతుందో వివరిస్తూ నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. విషయం మీద నీకున్న ఇష్టం ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. అయితే మొదటి పేరాలోనే డైసర్, ఆర్గొనాట్, పాలిమరేజ్ అనే ప్రొటీన్ల పేర్లు వరుసకట్టి వచ్చేసరికి, వింత ఏమిటో తెలియకముందే దాని వివరణ పాఠకుడి చేతిలో పెట్టినట్లయింది.

ఆ వింత కంటికి కనిపించేదే. ఈ బూజులో రెండు జనకాల కేంద్రకాలు కలిసిన వెంటనే క్షయకరణ విభజన, ఆ తర్వాత మరొక సమవిభజన జరిగి, సన్నని సంచిలో ఎనిమిది సిద్ధబీజాలు చిక్కుడుకాయలో గింజల్లా వరుసగా ఏర్పడతాయి. పండినవి నల్లగా, పండనివి తెల్లగా ఉంటాయి. అవి పండడానికి ఏఎస్‌ఎం-1 అనే జన్యువు కావాలి. ఒక జనకంలో దానిని పూర్తిగా తొలగించి, మంచి జనకంతో సంకరం చేస్తే నాలుగు నల్లవి, నాలుగు తెల్లవి రావాలని మనం లెక్క వేసుకుంటాం. కానీ దాదాపు అన్నీ తెల్లవే వస్తాయి. మంచి జన్యువు అందిన నాలుగూ ఎందుకు పండలేదన్న ప్రశ్న దగ్గర పాఠకుణ్ణి కాసేపు నిలబెట్టు.

అరమాయో, మెట్జెన్‌బర్గ్ అనే పరిశోధకులు 1996లో ఈ సంగతి ప్రచురించినప్పుడు జన్యువు పనిచేయాలంటే రెండు జనకాల నుంచి వచ్చిన ప్రతులు ఎదురెదురుగా జత కుదరడం అవసరమని భావించారు. 2001లో ప్యాట్రిక్ షియూ, నంబూరి రాజు, డెనీస్ జిక్లర్, మెట్జెన్‌బర్గ్ అసలు కారణం చూపారు. (ఆ సిద్ధబీజాల సంచులను, అంటే ఆస్కస్‌లను, దశాబ్దాల పాటు సూక్ష్మదర్శిని కింద పరిశీలించిన రాజుగారి పేరు నీ వ్యాసంలో లేకపోవడం నాకు వెలితిగా తోచింది.) ఇప్పుడు తెలిసినంతలో, సమజాత క్రోమోజోముల్లో (రెండు జనకాల నుంచి వచ్చి జతకట్టేవాటిలో) జత దొరకని భాగం నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఏకు సాడ్-1 అనే ఎంజైము ఎదురు పోగు అల్లుతుంది, డైసర్ దానిని చిన్న ముక్కలుగా కోస్తుంది, ఆ ముక్కల ఆధారంతో ఆర్గొనాట్ అదే క్రమమున్న ఆర్‌ఎన్‌ఏ సందేశాలన్నిటినీ అణచివేస్తుంది.

ఇక్కడే నీ వాక్యం తప్పింది. "జతలేని జన్యువు మాత్రమే మూగబోతుంది" అని రాశావు. ఆ "మాత్రమే" కొట్టెయ్యి. అదనపు ప్రతి ఒకటి ఒక జనకంలో వేరే చోట ఒంటరిగా ఉన్నా, తమ చోట చక్కగా జతకట్టిన రెండు ప్రతులూ మూగబోతాయి. జన్యువు "నాశనమవుతుంది" అనడమూ సరికాదు. డీఎన్‌ఏ అక్షరాలు మారవు, ఈ మౌనం తాత్కాలికం. పునరావృతమైన డీఎన్‌ఏను మార్చేసే ప్రక్రియ ఈ బూజులో ఇంకొకటి ఉంది, అది క్షయకరణ విభజనకు ముందే జరుగుతుంది. రెండింటినీ కలపవద్దు.

పోలీసు, దొంగ పోలిక కూడా తీసివెయ్యి. కణం దొంగను గుర్తుపట్టడం లేదు, ఎదురుగా ప్రతి ఉందా లేదా అని మాత్రమే చూస్తోంది. ఆ చోటులో, నీవు ఒక్క వాక్యంతో దాటేసిన ప్రయోగాన్ని విప్పి రాయి: సాడ్-1 చెడిపోయిన జనకాలతో, మామూలుగా దాదాపు వంధ్యంగా మిగిలే దగ్గరి జాతుల సంకరాలు కొంతవరకు ఫలిస్తాయి.