ఇసుకలో బొరియ తవ్వే కందిరీగ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా పెరటి ఇసుకలో సన్నని నడుమున్న నల్లని కందిరీగ ఒకటి కన్నం తవ్వుతోంది. తనకన్నా పెద్ద మిడతను మీసాలు పట్టి లాక్కొచ్చి, అందులోకి దించి, పూడ్చి వెళ్లిపోతోంది. పిల్లలు ఆడుకునే చోటు కనుక కిరసనాయిలు పోయమని కొందరు అంటున్నారు. మా అత్తగారు మాత్రం ఇదే భ్రమరకీటక న్యాయమనీ, ఆ మిడతే కందిరీగగా మారి పైకి వస్తుందనీ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, బాపట్ల

జవాబు: కిరసనాయిలు పోయకండి. చూరుకు గూడు కట్టుకుని గుంపుగా బతికే కందిరీగలు ఆ గూటిని కాపాడుకోవడానికి మీద పడతాయి. మీరు చూసినది ఒంటరిగా బతికే జాతి. దానికి కాపలా కాయవలసిన గుంపు ఉండదు. పక్కన కూర్చుని చూస్తున్నా తన పని తాను చేసుకుపోతుంది. చేత్తో పట్టుకుంటేనో, పాదం కింద నలిగితేనో తప్ప సాధారణంగా కుట్టదు. గుడ్లు పెట్టే అవయవమే మార్పు చెంది ముల్లుగా ఏర్పడింది కనుక మగవాటికి ముల్లే ఉండదు. పిల్లలను చెప్పులు వేసుకుని ఆడుకోమనండి, చాలు.

మీ వర్ణనను బట్టి అది స్ఫెక్స్ ప్రజాతికి గానీ, దాని దగ్గరి చుట్టాలకు గానీ చెందినదై ఉండాలి. గూడు తవ్వడం, వేటాడడం, పూడ్చడం అన్నీ ఆడదాని పనులే. దవడలతో మట్టిని వదులు చేసి, ముళ్లు వరుసగా ఉన్న ముందుకాళ్లతో, కుక్క నేల గోకినట్టు, ఇసుకను పొట్ట కిందుగా వెనక్కి విసురుతుంది. గట్టి నేల తగిలితే రెక్కల కండరాలను ఝుమ్మని అదిలిస్తూ ఆ కంపనాన్ని దవడల మీదికి పంపుతుంది. దగ్గరికి వెళితే ఆ చప్పుడు మనకూ వినిపిస్తుంది. సొరంగం చివర ఒక అర, కొన్ని జాతుల్లో పక్కపక్కనే మరికొన్ని అరలు ఉంటాయి.

ఇక వేట. మిడతను కాళ్లను కదిలించే నాడీసంధుల దగ్గర పొడుస్తుంది. ఆ విషంతో మిడత చావదు, కాళ్లు చచ్చుబడి పడి ఉంటుంది. అందుకే రోజుల తరబడి కుళ్లకుండా తాజాగా ఉంటుంది. గూటి ముందు దానిని వదిలి, ఒకసారి లోపలికి వెళ్లి చూసుకుని వచ్చి, మీసాలు పట్టి లోపలికి లాగి, దాని ముందుకాళ్ల మొదట్లో తెల్లని పొడవాటి గుడ్డు ఒకటి పెడుతుంది. రెండు మూడు రోజుల్లో గుడ్డు నుంచి వచ్చిన డింభకం బతికి ఉన్న మిడతనే తింటూ పెరిగి, పట్టుగూడు అల్లుకుని, చివరికి కందిరీగగా నేలను తవ్వుకుని పైకి వస్తుంది. పెద్ద కందిరీగ మాత్రం పూలతేనె తాగి బతుకుతుంది.

కాబట్టి మీ అత్తగారు చెప్పినదానిలో కళ్లకు కనిపించే భాగమంతా సరిగానే ఉంది. మూసిన గూట్లోకి పురుగు వెళ్లడం, కొన్నాళ్లకు అదే గూట్లోంచి కందిరీగ రావడం మన పెద్దలు నిజంగా చూసినవే. నేల లోపల ఒక గుడ్డు ఉందన్న సంగతే వారికి కనబడలేదు. పురుగు భ్రమరాన్ని ధ్యానించి భ్రమరం కాలేదు, దానికి ఆహారమైంది. వేదాంతంలో ఆ ఉపమానానికి ఉన్న విలువ దీనివల్ల తగ్గుతుందని నేననుకోను.

ప్రశ్న: మాది రేగడి నేల. ఇలాంటి కందిరీగలు మా ఊళ్లో పెద్దగా కనిపించవు. ఇవి ఎక్కడెక్కడ ఉంటాయి?
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉంటాయి. స్ఫెక్స్ ప్రజాతిలో సుమారు 130 జాతులు, ఈగలను వేటాడే బెంబిక్స్‌లో 300కు పైగా జాతులు ఉన్నాయి. అయితే ఒక ఊళ్లో ఉంటాయా లేదా అన్నది ముఖ్యంగా నేలను బట్టి ఉంటుంది. ఎండ తగిలే, గడ్డి పలుచగా ఉండే, నీరు నిలవని వదులు నేల వీటికి అనువు. వానకు జిగురై, ఎండకు నెర్రెలిచ్చే రేగడిలో సన్నని సొరంగం నిలవడం కష్టం. మీ ఊళ్లోనే చెరువు గట్టునో, ఎర్రమట్టి పోసిన బాట అంచునో వెతికి చూడండి. అనువైన చోటు కొంచెమే ఉంటే అక్కడే పదుల కొద్దీ గూళ్లు కనిపించవచ్చు. అయినా ఎవరి గూడు వారిదే.

నేలతో పాటు వేటా, పూలూ కూడా ఉండాలి. అమెరికాలోని ఫ్లోరిడాలో పచ్చిక మైదానాలను పాడుచేసే నేలకీచురాళ్లను అదుపు చేయడానికి 1980లలో లారా బైకలర్ అనే కందిరీగను దక్షిణ దేశాల నుంచి తెచ్చి వదిలి నిలదొక్కించారు. అది గూడు తవ్వదు. కీచురాయిని కొద్దిసేపు స్తంభింపజేసి గుడ్డు పెట్టి వదిలేస్తే, కీచురాయి తేరుకుని గుడ్డుతో సహా తన బొరియలోకే దిగిపోతుంది. పెద్ద కందిరీగలకు తేనెనిచ్చే పూలమొక్కలు దగ్గరలో ఉన్నచోట వేట ఎక్కువగా సాగుతోందని అక్కడ గమనించారు.

ప్రశ్న: ఈ కందిరీగ పూర్తిగా యంత్రంలా ప్రవర్తిస్తుందని చదివాను. నిజమా?
– ఒక విద్యార్థి, విజయనగరం

జవాబు: మీరు చదివినది ఫ్రెంచి పరిశీలకుడు ఫాబ్ర్ చేసిన ప్రయోగం అయి ఉండాలి. కందిరీగ గూటి ముందు కీచురాయిని వదిలి లోపలికి వెళ్లినప్పుడల్లా ఆయన ఆ కీచురాయిని కొంచెం దూరం జరిపాడు. అది ప్రతిసారీ కీచురాయిని గుమ్మం దాకా తెచ్చి, మళ్లీ ఒంటరిగా లోపలికి వెళ్లి చూసింది. ఇలా నలభై సార్లు జరిగింది. ఈ కథను తిరిగి చెప్పేవాళ్లు తరచుగా ఇక్కడే ఆపుతారు, అది అన్యాయం. మరొకచోటి కందిరీగలు రెండు మూడు సార్ల తరువాత తనిఖీ మానేసి కీచురాయిని నేరుగా లోపలికి లాక్కెళ్లాయని ఫాబ్రే రాశాడు.

గూటి గుర్తుల విషయంలోనూ వీటి తెలివి చెప్పుకోదగ్గది. 1930ల నాటికి నెదర్లాండ్స్‌లో టింబర్జెన్ అనే జంతు ప్రవర్తనా శాస్త్రవేత్త తేనెటీగలను వేటాడే ఫిలాంథస్ అనే కందిరీగ గూటి చుట్టూ పైన్ కాయలు పేర్చి, అది అలవాటు పడ్డాక ఆ వలయాన్ని పక్కకు జరిపితే, అది గూటిని వదిలి కాయల మధ్యకే వెళ్లి వాలింది. అదే దేశంలో బేరెండ్స్ అనే మరో శాస్త్రవేత్త గొంగళి పురుగులను వేటాడే అమ్మోఫిలా మీద చేసి 1941లో ప్రచురించిన పని నాకు మరింత ఆసక్తికరం. ఈ కందిరీగ ఒకేసారి రెండు మూడు గూళ్లను నడుపుతూ, ఉదయాన్నే ఒక్కొక్కటీ తెరిచి చూసి, ఏ గూటికి ఎన్ని గొంగళి పురుగులు కావాలో తేల్చుకుంటుంది. ఆ తనిఖీకి ముందు గూట్లో ఆహారాన్ని ఆయన పెంచినా తగ్గించినా అది తన పనిని దానికి తగ్గట్టు మార్చుకుంది. తనిఖీ అయ్యాక మార్చితే మాత్రం ఆ రోజంతా పట్టించుకోలేదు.